హమాలీ, దళారి, అత్తరు: ఫెజ్ అంగడివీధుల్లో వినిపించిన మాటలు

సభ్యులందరికీ నమస్కారం. ఇటీవల మొరాకోలోని ఫెజ్ పాతబస్తీలో మూడు రోజులు తిరిగాను. మోటారు బండ్లు దూరలేని ఆ ఇరుకు సందుల్లో సరుకు చాలావరకు గాడిదలు, కంచరగాడిదల మీదనే సాగుతుంది, వెనకనుంచి "బాలక్! బాలక్!" అనే కేక వినపడగానే గోడకు ఒదిగి దారి ఇవ్వాలి. ఆ కేక నాకు కొత్తది. కానీ దాని చుట్టూ వినవచ్చిన మాటల్లో చాలావాటికి మన తెలుగులో చుట్టాలున్నాయి, ఏ ఒక్కటీ మనం వాడే అర్థంలో నిలవలేదు.

సుగంధద్రవ్యాల వీధిని సూక్ అల్ అత్తారీన్ అంటారు. దాని పక్కనే 1325లో పూర్తయిన అత్తారీన్ మదరసా ఉంది. అరబ్బీలో పరిమళం 'ఇత్ర్', దాన్ని అమ్మేవాడు 'అత్తార్'. మన అత్తరు పారశీకం మీదుగా ఆ ఇత్ర్ నుంచి వచ్చినదే గనుక, అది అత్తర్ల వీధి కాదు, అత్తరువాళ్ల వీధి. దుకాణం అనే అరబ్బీ మాట వినపడుతుందని ఎదురుచూశాను గానీ, అక్కడివారు 'హానూత్' అంటారు. చిల్లరను 'సర్ఫ్' అంటారు. నాణేలు మార్చే మన షరాబు ఆ ధాతువులోని వాడే. 'బాకీ' అంటే వారికి 'ఇంకా', 'మిగిలిన' అని అర్థం; మనకది మిగిలిపోయిన అప్పు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 'దెల్లాల్'. అతడు తోలునో చెప్పులనో భుజాన వేసుకుని, చివరి వేలం పాట ఎంతవరకు వచ్చిందో బిగ్గరగా చెబుతూ కొట్టుకొట్టుకూ తిరుగుతాడు. మన దళారి ఆ మాటకు సంతానమే అయినా, ధరను ఇద్దరి మధ్య దాచిపెట్టేవాడన్న నింద మోస్తున్నాడు. హమాలీ సంగతి మరీ విచిత్రం: అరబ్బీలో మోసేవాడు 'హమ్మాల్', పారశీక ప్రత్యయం చేరిన 'హమ్మాలీ' మోసే పని. మనం పని పేరునే మనిషికి పెట్టుకున్నాం. మీ ప్రాంతంలో హమాలీ అంటే మనిషా, మోతకూలా?

జవాబు: మా వైపు మార్కెట్ యార్డులో రెండూనండి. "హమాలీలు రాలేదు" అంటే మనుషులు, "బస్తాకు హమాలీ ఎంత?" అంటే డబ్బులు. అయితే దీనికి పారశీకం వరకూ వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం. మన సొంత మాట 'కూలి' చూడండి. అది మొదట పనికి ఇచ్చే ప్రతిఫలం, చేసేవాడు కూలివాడు. ఇప్పుడు చివరి అచ్చును దీర్ఘం చేసి "కూలీలు వచ్చారు" అంటున్నాం. ప్రతిఫలం పేరుతోనే మనిషిని పిలిచే అలవాటు మన నోటికి ఉన్నందువల్లనే, హమాలీ కూడా అంత సులువుగా అందులో ఇమిడిపోయిందేమో.