ఉగాది సంకల్పాలు: ఆఫీసుకు సైకిలు, కంచంలో చిరుధాన్యం. దీనివల్ల ఒరిగేదేమైనా ఉందా?

రెండు చక్రాలు:
ఉగాది నాడు పెట్టుకున్న నియమాలు ఇక్కడ రాస్తున్నాను. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ దగ్గరున్న మా ఆఫీసుకు స్కూటరు మానేసి సైకిలు మీద వెళ్లడం. రానుపోను 18 కిలోమీటర్లు. రాత్రిపూట తెల్లన్నం బదులు కొర్రన్నమో జొన్నరొట్టో తినడం. మాంసం ఆదివారానికే పరిమితం. ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చే హోటల్ భోజనం బంద్. కంచంలో మెతుకు మిగల్చకపోవడం.

ఇప్పటిదాకా అన్నీ నిలబడ్డాయి. ప్రభుత్వాలు ఏదో చేసేదాకా ఆగితే మన పిల్లలకు గాలి మిగలదు. ఎవరికి వారు మొదలుపెట్టాల్సిందే అన్నది నా నమ్మకం. కాదనేవారు కారణాలతో రండి.

లెక్కలపుస్తకం:
కారణం బదులు లెక్క తెచ్చాను. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీ స్కూటరు లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే రోజుకు 0.4 లీటరు, అంటే కిలో కన్నా తక్కువే. ఏడాదికి 250 పనిదినాలు వేసినా 230 కిలోలు. 500 మెగావాట్ల బొగ్గు విద్యుత్ యూనిట్ పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు సుమారు 450 టన్నులు వదులుతుంది. మీ ఏడాది చెమట ఆ చిమ్నీకి రెండు సెకన్ల పని. మన దేశపు కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే. గట్టిగా అడగాల్సింది అక్కడ.

రెండు చక్రాలు:
చిమ్నీతో మనిషిని కొలిస్తే ఎవరైనా చిన్నగానే కనిపిస్తారు. మనిషిని మనిషితో కొలవండి. భారతీయుడి సగటు వాటా ఏడాదికి రెండు టన్నుల చుట్టుపక్కల ఉంది. అందులో 230 కిలోలంటే పదో వంతు కన్నా ఎక్కువ. ఒక్క అలవాటు మార్చుకుంటే పదో వంతు తగ్గడం చిన్న విషయమా?

లెక్కలపుస్తకం:
మీ స్కూటరు నిజంగా 45 ఇస్తుందా? ఇప్పటి బళ్లు కొన్ని 55 పైనే ఇస్తున్నాయి. అప్పుడు 230 కాస్తా 190 కిందికి దిగుతుంది. ఏ సంవత్సరపు బండి?

రెండు చక్రాలు:
2014 బండి. ట్రాఫిక్‌లో 45 కూడా రాదు.

లెక్కలపుస్తకం:
సర్వీసింగ్ సరిగ్గా చేయిస్తే వస్తుంది. టైర్లలో గాలి ఎంత పెడుతున్నారు?

బుజ్జిపిట్ట:
అయ్యా, మైలేజీ మీద వేరే చర్చ తెరవండి. చదవలేకపోతున్నాం.

గోదారి గట్టు:
మా నాన్నగారు కాకినాడలో పాతికేళ్లకు పైగా పోర్టు పనికి సైకిలు మీదే వెళ్లారు. దాన్ని సంకల్పం అని ఎవరూ అనలేదు. 2011 జనగణన ప్రకారం వ్యవసాయేతర పనులు చేసేవారిలో దాదాపు 13 శాతం మంది సైకిలు మీదే పనికి వెళ్లేవారు. పాలవాళ్లు, తాపీ మేస్త్రీలు, వాచ్‌మన్లు. భూమిని ఎక్కువగా కాపాడుతున్నది వాళ్లే, బండి కొనే స్తోమత లేక. వాళ్లకు రోడ్డు మీద చోటు లేదు. మనం మాత్రం హెల్మెట్ పెట్టుకుని ఫొటో దిగితే చప్పట్లు కొడతారు.

నా అనుభవం చెబుతాను. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో సెల్లారు అంతా కార్లకే. నా సైకిలును గేటు బయట చెత్తడబ్బాల పక్కన పెట్టమన్నారు. వారం తిరగకుండానే పోయింది. సెక్యూరిటీ అతను "సార్, మీరు బండి కొనుక్కోవచ్చు కదా" అన్నాడు. సలహా ఇస్తున్నానని అతని ఉద్దేశం. ఆ మాట నాకు ఇప్పటికీ మండుతుంది.

హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ తెరిచారు. 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల పలకలు. చూడముచ్చటగా ఉంది, కాదనను. కానీ పనికి వెళ్లే మనిషి ఇంటి నుంచి ఆ ట్రాక్ దాకా ఎలా రావాలి? ఆదివారం పొద్దున సైకిలును కారు వెనక కట్టుకుని నానక్‌రామ్‌గూడ వచ్చేవాళ్లను నేను చూశాను. పనికి వెళ్లేవాళ్లకు కావలసింది కాలనీ నుంచి బస్టాపు దాకా, బస్టాపు నుంచి మెట్రో దాకా మూడడుగుల చోటు.

రెండు చక్రాలు:
గట్టు గారూ, మీ నాన్నగారి మీద నాకు గౌరవమే. కానీ నేను కొనగలిగి కూడా ఎక్కడం లేదు. ఆ తేడా మీకు కనబడటం లేదా? కొనగలవాడు వదులుకుంటేనే సైకిలు పేదరికపు గుర్తు కాకుండా పోతుంది.

గోదారి గట్టు:
మీరు ఎప్పుడైనా మళ్లీ స్కూటరు ఎక్కగలరు. ఆయన ఎక్కలేకపోయారు. తేడా అంటే అది.

పాతపంట:
సైకిలు సంగతి మీరు తేల్చుకోండి. నేను తిండి గురించి మాట్లాడతాను. మాది జహీరాబాద్ వైపు. మా ఊళ్లలో ఒకే చేనులో జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు కలిపి వేసేవారు. వానమీదే పండేవి. ఒకటి పోతే ఇంకొకటి నిలిచేది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, అందులో అనుమానం లేదు. కానీ జొన్నరొట్టె తినేవాడు పేదవాడు, తెల్లన్నం తినేవాడు మర్యాదస్తుడు అన్న భావన ఇంటింటికీ పాకింది. చేలు బీళ్లయ్యాయి. కొన్ని చెరకుకు పోయాయి.

వాటిని మళ్లీ సాగులోకి తెచ్చింది పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు. ఎక్కువమంది దళితులు, చారెడు నేల ఉన్నవాళ్లు. విత్తనాలను బుట్టల్లో వేపాకు, బూడిద కలిపి దాచారు. ఏటా ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టి పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. అప్పటినుంచి నగరాల్లో కొర్రలు పాలిష్ పట్టి అందమైన సంచుల్లో అమ్ముతున్నారు. రెండు చక్రాలు గారు తినడం మంచిదే. ఎవరి దగ్గర కొంటున్నారన్నది కూడా నియమంలో చేర్చుకోవాలి. పండించిన చేతికి ఏమీ చేరకపోతే అది ఆలోచించి తినడం ఎలా అవుతుంది?

లెక్కలపుస్తకం:
ఇక్కడ మాత్రం చిరుధాన్యాల పక్షమే నేను. కిలో వడ్లకు సగటున 2,500 లీటర్ల నీళ్లు. నిలువ నీటి మడిలోంచి వచ్చే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు అదనం.

పాతపంట:
సగటు పట్టుకుని రైతును తిట్టకండి. నేలను బట్టి, పద్ధతిని బట్టి అది 800 నుంచి 5,000 దాకా మారుతుంది. తడి-పొడి పద్ధతిలో మడిని మధ్యమధ్య ఆరబెడితే నీళ్లూ తగ్గుతాయి, మీథేనూ తగ్గుతుంది. కాలువ కింది రైతుకు వరి తప్ప మరొకటి వేస్తే కొనే దిక్కు లేదు.

లెక్కలపుస్తకం:
5,000 అని మీరే ఒప్పుకున్నారు.

పాతపంట:
800 అని కూడా రాశాను.

వేపచెట్టు:
రెండు చక్రాలు గారిని ఒక ప్రశ్న. కొర్రలు కొన్ని గంటలు నానాలి. జొన్నపిండిని వేడినీళ్లతో కలిపి, మెదిపి, పీట మీద ఒక్కొక్కటీ చేత్తో తట్టి కాల్చాలి. మీ ఇంట్లో ఈ పని ఎవరు చేస్తున్నారు?

రెండు చక్రాలు:
మా ఆవిడ. ఆమెకు కూడా ఇవంటే ఇష్టమే. దీనికీ చర్చకూ సంబంధం ఏమిటో తెలియలేదు.

వేపచెట్టు:
రొట్టెలు అందరికీనా, మీ ఒక్కరికేనా?

రెండు చక్రాలు:
పిల్లలు ఇంకా అన్నమే తింటున్నారు. మెల్లగా అలవాటవుతుంది.

వేపచెట్టు:
అంటే రెండు వంటలు. మా ఇంట్లో మూడు. మావారికి మధుమేహం అని తేలాక ఆయన కొర్రలకు మారారు. అత్తగారికి పళ్లు లేవు, మెత్తటి అన్నం కావాలి. అబ్బాయికి చపాతీ. అందరివీ మంచి కారణాలే. పొయ్యి దగ్గర నిలబడేది మాత్రం నేను.

"ఏదీ పారేయకూడదు" అన్న నియమం మావారూ పెట్టారు. ఆయన కంచం ఎప్పుడూ ఖాళీయే, నిజమే. గిన్నెల్లో మిగిలిందాని సంగతి ఎవరూ అడగరు. నిన్నటి కొర్రన్నం, మొన్నటి పప్పు, అబ్బాయి వదిలేసిన చపాతీ ముక్క చెత్తబుట్టలోకి వెళ్లలేదు. నా కంచంలోకి వచ్చాయి. ఏళ్ల తరబడి వేడి అన్నం ఏ రోజు తిన్నానో గుర్తు తెచ్చుకోవాల్సి వస్తోంది. మన దేశంలో ఇళ్లలో తలకు ఏటా 55 కిలోల ఆహారం వృథా అవుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక అంచనా. ఆ లెక్క తగ్గించే పని చాలా ఇళ్లలో ఆడవాళ్ల కడుపు మీద పడుతోంది.

బుజ్జిపిట్ట:
మా అమ్మ కూడా ఇంతే. ఎంత చెప్పినా వినదు.

రెండు చక్రాలు:
వేపచెట్టు గారూ, మీ ఇంటి బాధ మా ఇంటికి అంటగడుతున్నారు. నేను మా ఆవిడ చేత చాకిరీ చేయిస్తున్నానని ఎలా తీర్మానించారు? మీరు మా ఇంట్లో ఉన్నారా? ఈ దేశంలో ఒకడు ఒక మంచి పని మొదలుపెడితే పదిమంది కాళ్లు పట్టి లాగుతారు. ఒకరు చిమ్నీ అంటారు, ఒకరు నాన్నగారి సైకిలు అంటారు, మీరు రొట్టె అంటున్నారు. ఊరికే కూర్చుని రోజూ బిర్యానీ తెప్పించుకునేవాడిని మాత్రం ఎవరూ ఏమీ అనరు!

వేపచెట్టు:
అతను నియమం పెట్టలేదు, నన్ను పాటించమనలేదు. మీరు పెట్టారు. "ఎవరికి వారు" అని రాశారు. మీ అయిదు నియమాల్లో సైకిలు ఒక్కటే పూర్తిగా మీ కాళ్ల మీద నడుస్తోంది. హోటల్ భోజనం బంద్ అంటే, మీకు ఒంట్లో ఓపిక లేని రోజున కూడా ఎవరో వండాలి. రొట్టె అంటే ఎవరో తట్టాలి. 2024 కాల వినియోగ సర్వే చూడండి: జీతం లేని ఇంటి పని చేసేవారిలో ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు గడుపుతుంటే మగవాళ్లు 88. ఆ 289 మీద మరో గంట వేసి దానికి మీ పేరు పెట్టారు. నా కోపం అందుకే. కొర్రల మీద నాకు ద్వేషం లేదు.

నిర్వాహకులు:
కుటుంబసభ్యుల ప్రస్తావన తగ్గించి విషయం మీద మాట్లాడండి.

పాతపంట:
నిర్వాహకులు గారూ, విషయం అదే. మా వైపు విత్తనం దాచిందీ ఆడవాళ్లే, దంచిందీ ఆడవాళ్లే. రోకలి పోయి మిల్లు వచ్చినప్పుడు మా అమ్మ ఎంత సంతోషించిందో నాకు తెలుసు. తెల్లబియ్యం గెలవడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు. అన్నం తొందరగా ఉడుకుతుంది. చిరుధాన్యాలు మళ్లీ ఇళ్లలో నిలవాలంటే ఊరూరా చిన్న మరలు, రొట్టెలు చేసి అమ్మే మహిళా సంఘాలు కావాలి.

గోదారి గట్టు:
నేను మొదటినుంచి చెబుతున్నదీ అదే. రోడ్డు లేకుండా సైకిలు, మర లేకుండా జొన్న. భారమంతా బలహీనుల మీదికే జారుతుంది.

రెండు చక్రాలు:
మరలు, రోడ్లు వచ్చేదాకా నన్ను ఏం చేయమంటారు? అన్నీ సమకూరాక మొదలుపెట్టమనడం అంటే ఎప్పటికీ వద్దనడమే. ఇంట్లో ఒకరి సాయం లేకుండా ఏ మంచి పని జరిగింది? అంతమాత్రాన నా సంకల్పం అబద్ధమా?

వేపచెట్టు:
అబద్ధం అనలేదు. మీది ఒక్కరిదే కాదు అంటున్నాను. నియమం మీదైతే వారానికి మూడు రాత్రులు రొట్టెలు మీరు చేయండి. ఆదివారం మాంసం వండి సరిపెట్టుకోకండి, అది అందరూ చేస్తారు. మంగళవారం, బుధవారం చేయండి.

రెండు చక్రాలు:
సైకిలు మీద ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. స్నానం చేయాలి. అప్పుడు పిండి కలిపితే పిల్లలు పడుకునే వేళ అవుతుంది.

వేపచెట్టు:
స్కూటరు మీద వస్తే ఏడున్నరకు చేరతారు కదా. ఆ మూడు రోజులూ స్కూటరు తీయండి.

లెక్కలపుస్తకం:
వారానికి మూడు రోజులు స్కూటరంటే 230లో 138 కిలోలు వెనక్కి పోతాయి.

వేపచెట్టు:
పోనివ్వండి.

రెండు చక్రాలు:
స్కూటరు మళ్లీ ఎక్కే ప్రసక్తే లేదు. సైకిలు వదిలితే ఇక ఏ నియమమూ నిలవదు, నా సంగతి నాకు తెలుసు.

వేపచెట్టు:
అయితే తొమ్మిదికి రొట్టెలు చేసుకోండి. పిల్లలు ఎలాగూ అన్నమే తింటున్నారు, వాళ్లను పడుకోబెట్టాకే మీరు తినండి. మీ ఆవిడకు కూడా రెండు చేయండి, వేడిగా.