వెముల్ సర్క్యూట్: హిమక్షేత్రం గాలికి డోమ్ టెంటా, టన్నెల్ టెంటా?

అందరికీ నమస్కారం. అర్జెంటీనా పటగోనియాలో ఎల్ చాల్టెన్ ఊరి నుంచి మొదలయ్యే వెముల్ సర్క్యూట్ అనే కొండదారి ట్రెక్‌ను జనవరిలో నాలుగు రోజుల్లో నడవాలని ఉంది. నది మీది ఉక్కు తీగకు వేలాడుతూ దాటడానికి హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీ), స్టీలు క్యారబినర్ (తెరిచి మూసే కొక్కెం) సిద్ధం (ఆ తీగ మీద అల్యూమినియం కొక్కెం త్వరగా అరుగుతుంది).

సందేహమంతా టెంట్ గురించే. పాసో డెల్ వియెంతో అనే కనుమ దిగాక వియెద్మా హిమానీనదం వైపు క్యాంపులో రాళ్ల గోడలున్నా గాలి ఉన్నట్టుండి దిశ మారుస్తుంది. టన్నెల్ టెంట్ (సొరంగంలా పొడవాటిది) ఎదురుగాలికి గట్టిదే, పక్కగాలికి నలిగిపోతుంది. డోమ్ టెంట్ (గుమ్మటం ఆకారంది) ఏ దిశ గాలినైనా ఓర్చుకుంటుంది గానీ గట్టి ఉధృతికి పోల్ విరగొచ్చు. అక్కడ టెంట్ వేసినవారు దేన్ని ఎంచుకున్నారు? మేకులు దిగని చోట తాళ్లను రాళ్లకు చుట్టడానికి 3 మి.మీ. తాడు ఎన్ని మీటర్లు పట్టింది? రాతి అంచుకు కోసుకుపోకుండా ఏం చేశారు?