డైరెక్టరీ ఎడిటర్‌దే పోటీ సైటు అయితే పరిశీలన ఎవరితో చేయించుకోవాలి?

పాత ఫిల్మ్ కెమెరాల మరమ్మతుపై ఒక సైటు నడుపుతున్నాను. స్వచ్ఛంద ఎడిటర్లు నిర్వహించే ఒక వెబ్ డైరెక్టరీకి (సైట్లను వర్గాలవారీగా చూపే జాబితా) దాన్ని జనవరిలో పంపాను. ఇంతవరకూ చేర్చనూ లేదు, తిరస్కరించామని చెప్పనూ లేదు.

వాళ్ల నిబంధనలు చదివే, సరిపోయే ఉపవర్గాన్ని ఎంచుకున్నాను. వివరణ రెండే వాక్యాలు, అందులో ప్రచార పదాలు లేవు. వ్యాసాలన్నీ సొంతవి, ప్రకటనలు లేవు. సైటును ఏ ప్రోగ్రాములు చదవొచ్చో చెప్పే రోబోట్స్ ఫైలు దేన్నీ అడ్డుకోవడం లేదు, సెక్యూరిటీ సర్టిఫికెట్ చెల్లుబాటులోనే ఉంది. జూలైలో స్థితి అడుగుతూ సందేశం పెట్టినా జవాబు రాలేదు.

జీతం లేని పని కాబట్టి ఆలస్యం సహజమే. 1998లో మొదలై 2017లో మూతపడిన డీమాజ్ అనే ఇలాంటి డైరెక్టరీపైనా ఇదే ఫిర్యాదు ఉండేది. ఈ లింకుతో గూగుల్‌లో పైకి వెళ్తానన్న ఆశ కూడా నాకు లేదు. ఆసక్తి ఉన్న పాఠకులు నలుగురు వస్తే చాలు.

నన్ను తొలుస్తున్నది వేరే విషయం. ఆ వర్గం ఎడిటర్ తన ప్రొఫైల్‌లో సొంతదని చెప్పుకున్న సైటు కూడా కెమెరా మరమ్మతుదే. జాబితాలో అందరికన్నా పైన, ప్రత్యేక గుర్తుతో ఉంది. దాని కింద ఉన్న లింకుల్లో చాలావరకు తెరుచుకోవడం లేదు. పక్షపాతమని రుజువు చేయలేను, అలాగని అనుమానమూ పోవడం లేదు. మళ్లీ దరఖాస్తు చేస్తే వరుసలో చివరికి వెళ్తానేమోనని ఆగాను.

ఇలాంటప్పుడు ఆ ఉపవర్గానికి పైస్థాయిలో ఉన్న వర్గం ఎడిటర్‌తో పరిశీలన చేయించుకోగలిగినవారు ఉంటే, వారిని ఎలా సంప్రదించారో చెప్పగలరా?