స్నాపర్ రాక్స్‌లో మొదటిసారి దిగేవాడికి అల మీద హక్కు ఉందా, లేదా?

అలలపిచ్చి (బ్రిస్బేన్)
మా ఇంటికి 100 కిలోమీటర్ల దూరంలో ప్రపంచమంతా వచ్చి సర్ఫింగ్ చేసే అల ఉంది. గోల్డ్ కోస్ట్‌లో, కూలంగట్టా దగ్గర స్నాపర్ రాక్స్. కరంబిన్ బీచ్‌లో నేర్చుకున్నాను. బోర్డు మీద లేచి నిలబడి, అల విరగకముందే పక్కకి తిప్పుకుని వెళ్లడం వచ్చు. ఈసారి తూర్పు స్వెల్ (దూరం నుంచి వచ్చే పెద్ద అలల వరస) పడితే స్నాపర్‌లో దిగుదామని ఉంది. ఆఫీసులో సర్ఫింగ్ చేసే ఆయనతో అంటే, "నీలాంటివాళ్లు రావడం వల్లే ఆ చోటు పాడైంది" అన్నాడు. సముద్రానికి పట్టా ఎవరిచ్చారండీ ఈయనకి? కొత్తవాడు దిగకూడదా? మీరేమంటారు?

రెయిన్‌బోబే వాసి
తమ్ముడూ, దిగొచ్చు. ఎవరూ అరెస్టు చెయ్యరు. కానీ "హక్కు" అని మొదలుపెట్టావు చూడు, అక్కడే తేడా కొడుతోంది.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో విను. అల రాయి వెనకనుంచి లేస్తుంది. మంచి ఆటగాళ్లంతా ఆ రాయికి ఆనుకునే ఉంటారు. అల విరిగే చోటుకి ఎవరు దగ్గరగా ఉంటే అది వాళ్లది, మిగతావాళ్లు ఆగాలి. ఆగకుండా దూరితే దాన్నే డ్రాప్ ఇన్ అంటారు. స్వెల్ బాగున్న రోజు స్నాపర్ నుంచి కింద ఉన్న కిర్రా బీచ్ వైపు వందల మంది నీళ్లలో ఉంటారు. పైగా ప్రవాహం నిన్ను కిందికి, మధ్యలో ఉన్న గ్రీన్‌మౌంట్ బీచ్ వైపు లాగేస్తూనే ఉంటుంది. ఎదురు తెడ్డేస్తే చేతులు పడిపోతాయి. అందుకే తెలిసినవాళ్లు ఒక అల పట్టి, ఒడ్డెక్కి, ఇసుకలో నడిచి వెనక్కొచ్చి, మళ్లీ రాయి దగ్గర దూకుతారు. ఆ దూకడం కూడా సమయం చూసి చెయ్యాలి. తప్పితే రాతి మీదకే కొట్టుకుపోతావు.

ఇవేవీ తెలియనివాడు మధ్యలో బోర్డు వదిలేస్తే వెనక ఉన్నవాడి మొహం పగులుతుంది.

ఇసుక లెక్క (సిడ్నీ, సివిల్ ఇంజనీర్)
"మా అల, మా అల" అనేవాళ్లకి ఒకటి గుర్తు చేస్తాను. ఇవాళ మీరు సూపర్‌బ్యాంక్ అంటున్న ఈ పొడవాటి ఇసుక గట్టు పూర్తిగా ప్రకృతి ఇచ్చింది కాదు. 1960లలో ట్వీడ్ నది మొగ దగ్గర గోడలు పొడిగించారు. దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడే ఆగిపోయి గోల్డ్ కోస్ట్ బీచ్‌లు కోసుకుపోయాయి. దానికి విరుగుడుగా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు కలిసి పంపింగ్ పెట్టాయి. న్యూ సౌత్ వేల్స్ వైపు లెటీషియా స్పిట్ దగ్గర జెట్టీ కట్టి, 2001 నుంచి ఇసుకని నది కిందుగా పైపుల్లో క్వీన్స్‌లాండ్ వైపు తోడుతున్నారు. పెద్ద వాటా వచ్చి పడేది స్నాపర్ పక్కనే. ఆ ఇసుక పేరుకునే స్నాపర్, రెయిన్‌బో బే, గ్రీన్‌మౌంట్, కిర్రా ఒకే గట్టు అయ్యాయి. అన్నీ కుదిరిన రోజు ఒకే అల దాదాపు రెండు కిలోమీటర్లు నడుస్తుంది.

మరి ఆ పంపులకి డబ్బెవరిది? పన్ను కట్టే అందరిదీ. బ్రిస్బేన్ తమ్ముడిది కూడా. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు నాదే అన్నట్టుంది స్థానికుల వాదన. (ఇంకో సంగతి, అదే ఇసుక మొదట్లో మరీ ఎక్కువై కిర్రాలోని పాత అలని పూడ్చేసింది. దాని గురించి పాతవాళ్లని కదిపితే సాయంత్రం దాకా వదలరు.)

రెయిన్‌బోబే వాసి
@ఇసుక లెక్క గారూ, పన్ను లెక్క బాగుంది. రోడ్డు కూడా పన్నుతో వేసిందే, లైసెన్సు లేకుండా బండి నడపనిస్తారా? మిక్ ఫానింగ్, జోయెల్ పార్కిన్సన్, స్టెఫనీ గిల్మోర్, ముగ్గురూ స్నాపర్ క్లబ్ నుంచి వచ్చిన ప్రపంచ ఛాంపియన్లే. చిన్నప్పటినుంచి అక్కడే ఆడే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మధ్యలోకి నేర్చుకుంటున్నవాడు వెళ్తే వాళ్లకీ చిరాకు, వీడికీ ఒక్క అల దొరకదు.

ఇసుక లెక్క
సరే, లైసెన్సే అనుకుందాం. ఇచ్చే ఆఫీసు ఎక్కడుంది? అరిచేవాడే పోలీసు, అరిచేవాడే జడ్జి. 1966 ప్రపంచ ఛాంపియన్ నాట్ యంగ్‌ని 2000లో న్యూ సౌత్ వేల్స్‌లోని ఆంగూరీలో అలల గొడవలో కొడితే మొహం ఎముకలు విరిగాయి. అంతటివాడికే అలా అయితే కొత్తవాడికి టెన్షన్ ఉండదా? స్థానికుల "మర్యాద"లో ఈ బెదిరింపు వాటా ఎంతో కూడా చెప్పండి.

నర్సమ్మ (గోల్డ్ కోస్ట్)
బెదిరింపు తప్పే, ఎవరు చేసినా. కానీ ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో నేను ఎక్కువ చూసేది కొట్లాట దెబ్బలు కాదు. ఫిన్ (బోర్డు అడుగున ఉండే రెక్క) కోసిన తొడలు, బోర్డు తగిలి చిట్లిన కనుబొమలు. చాలాసార్లు దెబ్బ తగిలేది తప్పు చేసినవాడికి కాదు, పక్కవాడికి. కాబట్టి తమ్ముడూ, ఒక్క మాట చెప్పు. పెద్ద అల మీద పడుతుంటే బోర్డు వదలకుండా కిందనుంచి దాటగలవా?

విశాఖ తీరం
మా దగ్గర నీళ్లలో పదిమంది కనిపిస్తే అదే జాతర, కాబట్టి మీ గొడవ వింతగానే ఉంది. మా తీరంలో స్థానికులంటే జాలరులు. పడవ వస్తుంటే, వల వేసుంటే మేమే పక్కకి జరుగుతాం. అది వాళ్ల బతుకు. స్నాపర్‌లో ఇద్దరూ ఆడుకోవడానికే వచ్చారు కదా. ముందొచ్చినవాడికి ఎక్కువ సరదా రావాలని ఎక్కడుంది?

అలలపిచ్చి
@నర్సమ్మ అక్కా, మామూలు అలలయితే దాటగలను. తలపైకి వచ్చేవయితే కష్టం.

నర్సమ్మ
అయితే తలపైకి వచ్చే రోజున రాయి దగ్గరకి వద్దు. చిన్న అలలున్న రోజు గ్రీన్‌మౌంట్ వైపు చివరన దిగు. పైనుంచి ఎవరైనా అల మీద వస్తున్నారా అని ప్రతిసారీ చూసుకో. బోర్డుని కాలికి కట్టే లెగ్ రోప్ మాత్రం మర్చిపోకు.

రెయిన్‌బోబే వాసి
ఇది నాకూ సమ్మతమే. వారం మధ్యలో రా, అయినా తెల్లారేసరికి జనం ఉంటారు, ఆశ్చర్యపోకు. మొదటి రోజు ఒడ్డున కూర్చుని కాసేపు చూడు. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, ప్రవాహం ఎటు లాగుతోందో తెలుస్తుంది.

ఇసుక లెక్క
తమ్ముడి సంగతి తేలింది, మంచిదే. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. పాతవాళ్లు ఒక అల అయిపోగానే ఇంకొకడిని చుట్టేసి మళ్లీ లోపలివైపుకి చేరి "నాదే ముందు" అంటారే, దానికి ఏ రూలు? కొత్తవాడికి పది నియమాలు చెప్పారు. వాళ్లకి ఒక్కటైనా చెప్పండి.

రెయిన్‌బోబే వాసి
అది తప్పే. దాన్ని నేను సమర్థించలేదు. కానీ దానికి మందు ఇంకో వంద మందిని నీళ్లలోకి దింపడం కాదు.