ఎక్స్‌పీలో పాత శుభలేఖ తెరవాలి, కింద ఆకుపచ్చ తాబేలు కనిపిస్తోంది

అల్లిపురం డీటీపీ:
నమస్కారం. అల్లిపురంలో నాదో చిన్న డీటీపీ షాపు. 2006 నుంచి చేసిన శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు అన్నీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, అను తెలుగు ఫాంట్లలోనే ఉన్నాయి. 2014లో హుద్‌హుద్‌కి షట్టర్ ఊడిపోయినా బతికి బయటపడ్డ నా పాత సీపీయూ మొన్న ఉప్పుగాలికి పోయింది. విప్పితే మదర్‌బోర్డు నిండా చిలుము. అదృష్టం, హార్డ్‌డిస్కు బాగానే ఉంది.

కొత్తది విండోస్ 11 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. మా మేనల్లుడు వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, అందులో పాత విండోస్ ఎక్స్‌పీ ఎక్కించి, "ఇంక చూసుకో మావయ్యా" అని బెంగళూరు రైలెక్కేశాడు. దానికి 4 జీబీ ర్యామ్, ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు ఇచ్చాడట. అయినా ఒక అక్షరం కొడితే అది పడేలోగా టీ తాగి రావచ్చు. విండో కింద తాబేలు బొమ్మ ఒకటి. నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను. పైగా ఫాంట్ల సాఫ్ట్‌వేర్ తాలూకు యూఎస్‌బీ లాక్ (అది గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది) పెడితే ఎక్స్‌పీకి కనబడట్లేదు.

గురువారం లోపు ఒక కార్డు ఇవ్వాలి. 2011లో అన్నయ్య పెళ్లికి చేసినట్టే తమ్ముడికీ కావాలట. అందులో బంధువుల పేర్లే అరపేజీ. మళ్లీ కొట్టే ఓపిక లేదు.

గాజువాక కుర్రాడు:
గురూ, అది వెక్కిరింపు కాదు. మీ విండోస్‌లో హైపర్-వీ, అంటే విండోస్ సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ, నడుస్తోంది, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా పోవాల్సి వస్తోందని అర్థం. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆపేయండి. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫాం టిక్కులు తీసి రీస్టార్ట్ చేయండి. తాబేలు పోయి 'వీ' అక్షరం వస్తే పనైనట్టే.

సీతమ్మధార:
ఆ పద్ధతి సరైనదే కానీ మెమరీ ఇంటెగ్రిటీ కాపలా లాంటిది, చివరికి చూడండి. 8లో 4 లాగేస్తే విండోస్ 11కి ఊపిరాడదు. ఎక్స్‌పీకి 1 జీబీ, ఒక్క కోర్ చాలు.

లాక్ సంగతి: ఎక్స్‌పీలో యూఎస్‌బీ 3 డ్రైవర్ లేదు. ఎక్స్‌పీ మెషీన్ ఆపి, వర్చువల్‌బాక్స్‌లో దాని యూఎస్‌బీ సెట్టింగ్స్‌లో 2.0 కంట్రోలర్ ఎంచుకుని, ప్లస్ గుర్తు నొక్కి లాక్‌కి ఫిల్టర్ (లాక్‌ని నేరుగా ఎక్స్‌పీకి అప్పగించే ఏర్పాటు) పెట్టండి. వర్చువల్‌బాక్స్ 7 నుంచి దీనికి ఎక్స్‌టెన్షన్ ప్యాక్ (విడిగా వేసుకునే అదనపు ప్యాకేజీ) అక్కర్లేదు. వేయకండి కూడా, షాపు పనికి వాడితే దానికి లైసెన్సు కొనాలి. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి, కాబట్టి దానికి ఇంటర్నెట్ తగలకుండా నెట్‌వర్క్ అడాప్టర్ టిక్కు తీసేయండి.

అల్లిపురం డీటీపీ:
ఇద్దరికీ థాంక్స్. 1 జీబీ, ఒక్క కోర్ చేశాను. తాబేలు అక్కడే ఉంది కానీ టైపింగ్ వేగం అందుకుంది, అందుకని మిగతావి ముట్టుకోలేదు. ఫిల్టర్ పెట్టాక కూడా లాక్ మొరాయించింది. ఎక్స్‌పీ నడుస్తుండగా ఒకసారి లాగి మళ్లీ పెడితే టింగుమని తీసుకుంది.

ఫైలు తెరుచుకుంది. ఒత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడే. అన్న కార్డులో తండ్రి పేరు ముందు 'శ్రీ' ఉంది. దాన్ని 'కీ.శే.' చేసి, వధూవరుల పేర్లు, ముహూర్తం మార్చి, షేర్డ్ ఫోల్డర్‌లోకి పీడీఎఫ్ తీశాను. సాయంత్రం ప్రూఫ్ చూడటానికి వాళ్లమ్మ వస్తానంది.