డాకర్ కంటైనర్ రిప్లై రాంగ్ ఇంటర్‌ఫేస్‌లోంచి పోతోంది, రెండు లైన్లున్న సర్వర్

రాత్రి_డ్యూటీ:
అన్నలూ ఒక డౌట్. ఉబుంటు సర్వర్‌కి ఈథ్0 ఆఫీస్ లాన్ (192.168.10.0/24, డిఫాల్ట్ గేట్‌వే ఇటే), ఈథ్1 వేరే స్టాటిక్ ఐపీ లైన్. డాకర్‌లో 172.20.0.0/16 బ్రిడ్జ్ (కంటైనర్ల లోపలి వర్చువల్ నెట్‌వర్క్) మీద వెబ్ కంటైనర్ (విడిగా పెట్టి నడిపే వెబ్ ప్రోగ్రామ్) ఉంది, దాని ట్రాఫిక్ అంతా ఈథ్1 లోంచే రావాలి పోవాలి, ఆఫీస్ వైపు తొంగి కూడా చూడకూడదు. ఈథ్1 ఐపీకి ఫ్రమ్ రూల్ (ఆ ఐపీ నుంచి పోయేవి ఏ రూటింగ్ టేబుల్ చూడాలో చెప్పేది) పెట్టి టేబుల్ 100లో డిఫాల్ట్ రూట్ ఇచ్చా, బయట్నుంచి ఎస్ఎస్‌హెచ్ బానే వస్తోంది కానీ కంటైనర్ పోర్ట్ కొడితే టైమవుట్. టీసీపీడంప్ (ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టి చూస్తే సిన్ (కనెక్షన్ అడిగే ప్యాకెట్) ఈథ్1లో వస్తోంది, సిన్-యాక్ (దాని జవాబు) ఈథ్0లోంచి పోతోంది!! ఎందుకిలా?

పాత_కేబుల్:
నీ రూల్ కరెక్టే తమ్ముడూ, కాకపోతే కంటైనర్‌కి తగలట్లేదు. ఎస్ఎస్‌హెచ్ జవాబుకి సోర్స్ ఈథ్1 ఐపీయే కాబట్టి పనిచేసింది. కంటైనర్ జవాబు బ్రిడ్జ్ లోంచి వచ్చేటప్పుడు సోర్స్ ఇంకా 172.20 లోదే ఉంటది, కెర్నెల్ దారి వెతికేది అప్పుడే, అది పబ్లిక్ ఐపీగా మారేది దారి ఖాయమయ్యాక పోస్ట్‌రౌటింగ్‌లో (ప్యాకెట్ బయటికెళ్లే ముందు చివరి మెట్టు). అందుకే మెయిన్ టేబుల్‌కి పోయి ఈథ్0 పట్టుకుంటోంది. ఇది కొట్టు:
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 172.20.0.0/16 లుకప్ 100 ప్రయారిటీ 1000

బ్రిడ్జ్_బాబాయ్:
అదొక్కటే పెడితే ఇంకో తలనొప్పి, టేబుల్ 100లో డిఫాల్ట్ తప్ప ఏం లేదు కదా, పక్క బ్రిడ్జ్‌లో డేటాబేస్ ఉంటే దానికి పోవాల్సిన ప్యాకెట్ కూడా ఈథ్1 గేట్‌వేకే పోతుంది. దానికంటే ముందు ఇంకోటి పెట్టండి:
ఐపీ రూల్ యాడ్ లుకప్ మెయిన్ సప్రెస్_ప్రిఫిక్స్‌లెంగ్త్ 0 ప్రయారిటీ 900
అంటే మెయిన్ టేబుల్ చూడు, డిఫాల్ట్ రూట్ మాత్రం వదిలెయ్ అని. వైర్‌గార్డ్ (వీపీఎన్) వాళ్ల స్క్రిప్ట్ వాడేది కూడా ఇదే ట్రిక్కు. ఇక్కడో మెలిక, దీంతో ఆఫీస్ లాన్ కంటైనర్‌కి కనబడుతుంది, పైగా ఈథ్1 డౌన్ అయితే టేబుల్ 100 ఖాళీ అయి ట్రాఫిక్ మళ్లీ మెయిన్‌కి, అంటే ఈథ్0కి జారిపోతుంది. రూటింగ్‌ని నమ్ముకుని ఐసోలేషన్ చేశాం అనుకోవద్దు, అది ఫైర్‌వాల్ పని. డాకర్-యూజర్ చైన్‌లో (డాకర్ మన ఫైర్‌వాల్ రూల్స్ కోసం వదిలిన చోటు) సోర్స్ 172.20.0.0/16, అవుట్ ఇంటర్‌ఫేస్ ఈథ్0 అయితే డ్రాప్ అని పెట్టేయండి, రెండూ మూసుకుపోతాయి.

రాత్రి_డ్యూటీ:
సూపర్ బాబాయ్, మూడూ పెట్టా, పేజీ ఓపెన్ అవుతోంది, ఈథ్0లో కంటైనర్ ప్యాకెట్ ఒక్కటి కూడా లేదు. రీబూట్ అయితే ఇవి ఉంటాయా?

పాత_కేబుల్:
ఉండవు. నెట్‌వర్క్‌డీ (సిస్టమ్‌డీలో నెట్‌వర్క్ సెట్టింగ్స్ చూసే సర్వీస్) వాడుతుంటే ఈథ్1 ఫైల్‌లో నీ పాత ఫ్రమ్ రూల్‌తో కలిపి ఒక్కో ఐపీ రూల్‌కీ ఒక రూటింగ్‌పాలసీరూల్ సెక్షన్ రాసెయ్, సప్రెస్ ఆప్షన్ అక్కడా ఉంది. టేబుల్ 100 డిఫాల్ట్ రూట్ కూడా అదే ఫైల్‌లో పెట్టు. డ్రాప్ రూల్‌ని విడిగా సేవ్ చేసుకో, నెట్‌వర్క్‌డీకి దాంతో సంబంధం లేదు.