ఇంటెల్ ప్రాసెసర్‌కు ‘ఏఎండీ64’ ఫైలు సరిపోతుందా?

ప్రశ్న:
మా పాఠశాల గ్రంథాలయంలో పిల్లలు వాడుకునే కంప్యూటర్‌లో ఇంటెల్ కోర్ 2 డ్యుయో ఈ7500 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్ ఉన్నాయి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసినందున అందులో డెబియన్ 13 (లినక్స్ రకం ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేయాలనుకుంటున్నాను. డౌన్‌లోడ్ పేజీలో ‘ఏఎండీ64’, ‘ఆర్మ్64’ వంటి పేర్లు ఉన్నాయి గాని ఇంటెల్ పేరు ఎక్కడా లేదు. పైగా విండోస్‌లో సిస్టమ్ టైప్ అన్నచోట ‘32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ఆధారిత ప్రాసెసర్’ అని కనిపిస్తోంది. ఏ ఫైలు తీసుకోవాలో, పొరపాటు జరిగితే యంత్రం పాడవుతుందో లేదో తెలియజేయగలరు.

సమాధానం 1:
మీరు ‘ఏఎండీ64’ ఫైలునే తీసుకోండి. పాత 32-బిట్ ప్రోగ్రాములను నడుపుతూనే 64-బిట్‌కు, అంటే ఒకేసారి రెట్టింపు పొడవున్న సంఖ్యలతో పనిచేసే తీరుకు, విస్తరించే పద్ధతిని రూపొందించి, 2003లో ఆప్టెరాన్ ప్రాసెసర్లతో మార్కెట్లోకి తెచ్చింది ఏఎండీ సంస్థ కాబట్టి డెబియన్‌లో ఆ పేరు స్థిరపడింది. అప్పటికి ఇటేనియం అనే వేరే 64-బిట్ ప్రాసెసర్ల దారిలో ఉన్న ఇంటెల్ కూడా 2004 నుంచి తన ప్రాసెసర్లలో ఈ పద్ధతినే చేర్చింది. మీ ఈ7500 ఆ కోవలోనిదే. విండోస్ చూపిన వాక్యంలో మొదటి సగం ప్రస్తుతం వేసి ఉన్న సిస్టమ్ గురించి, రెండో సగం ప్రాసెసర్ గురించి చెబుతుంది. మీరు చూడవలసింది రెండో సగాన్నే; అందులోని ‘ఎక్స్64’ ఈ ‘ఏఎండీ64’ పద్ధతికే మరో పేరు. ‘ఆర్మ్64’ పూర్తిగా వేరే జాతి ప్రాసెసర్లకు చెందినది. పొరపాటున దాన్ని తీసుకున్నా కంప్యూటర్ దానితో బూట్ కాదు, అంతే; యంత్రానికి ఏ హానీ జరగదు.

సమాధానం 2:
ర్యామ్ 4 జీబీ కంటే తక్కువైతే 32-బిట్ మేలని చాలాకాలంగా చెబుతూ వచ్చాం. 64-బిట్‌లో మెమరీ చిరునామాలు రెట్టింపు పొడవుంటాయి కాబట్టి కొంత ర్యామ్ ఎక్కువ ఖర్చవుతుందన్నది నిజమే. మరి 2 జీబీతో ఇబ్బంది కలగదా?

సమాధానం 1 రాసినవారు:
మీ లెక్క సరైనదేనండీ, కాని ఆ దారి ఇప్పుడు దాదాపు మూసుకుపోయింది. లినక్స్‌లో 32-బిట్ క్రోమ్ 2016లోనే ఆగిపోయింది. డెబియన్ 13కు 32-బిట్ ఇన్‌స్టాలర్ అసలు లేదు. ఆటమ్ ఎన్270 వంటి, 32-బిట్ మాత్రమే తెలిసిన ప్రాసెసర్ ఉన్నవారు డెబియన్ 12 దగ్గరే ఆగక తప్పదు. ఇక్కడ ఆ అగత్యం లేదు. గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్‌కు బదులు ఎల్ఎక్స్‌క్యూటీ వంటి తేలికైనది ఎంచుకుంటే సరిపోతుంది. వీలైతే మదర్‌బోర్డు డీడీఆర్2, డీడీఆర్3 అనే ర్యామ్ రకాల్లో దేనికి సరిపోతుందో చూసుకుని మరో 2 జీబీ ర్యామ్ చేర్చండి. పిల్లలు బ్రౌజర్‌లో పాఠాలు తెరిచేటప్పుడు ఆ తేడా తప్పక తెలుస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు మొత్తం చెరిగిపోతుంది కనుక ముందుగా ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మీరు చెప్పిన ఫైలుతోనే ఇన్‌స్టాలర్ తెరుచుకుంది. పిల్లల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి చేరాక ఎల్ఎక్స్‌క్యూటీతో ముందుకు వెళతాను. బోర్డు మీద డీడీఆర్3 అని రాసి ఉంది, ఒక స్లాటు ఖాళీగా ఉంది.